“ఎట్లు చేయవలెను?” అను పుస్తకములు: సామాన్య పాఠకునికి వాటి ప్రయోజనము

మన వేదాంత పత్రికలలో వ్యాఖ్యాన గ్రంథములు సమీక్షకు వచ్చును, సంఘ చరిత్రలు వచ్చును, పాశ్చాత్య పండితుల సిద్ధాంతములు వచ్చును. అయితే మన సంఘస్థుల ఇండ్లలో బైబిలు ప్రక్కన నలిగి కనబడు పుస్తకములు వేరు. ప్రార్థించుట ఎట్లు, ఉపవాసముండుట ఎట్లు, పిల్లలను పెంచుట ఎట్లు, అప్పులు తీర్చుకొనుట ఎట్లు, షుగరు వ్యాధితో జీవించుట ఎట్లు. నలువది, ఏబది పేజీలు, పలుచని అట్ట, అందరికి అందు ధర. వీటిని మనము విమర్శకు తగినవిగా ఎంచలేదు. ఎంచనందున వీటిలో మంచిదేదో చెడ్డదేదో చెప్పు అలవాటు కూడ మనకు లేకపోయినది. ఈ నిర్లక్ష్యమునకు మూల్యము చెల్లించువారు ఎవరో వ్యాసము చివరి భాగములో చెప్పెదము.

ముఖ్యముగా ఒక పుస్తకమును పరిశీలింప దలంచితిమి. అది క్రైస్తవ గ్రంథము కాదు. డేవిడ్ వెర్నర్ రచించిన ‘వైద్యుడు లేనిచోట’. మెక్సికో దేశపు సియెర్రా మాద్రె కొండలలోని పల్లెవాసుల కొరకు అది మొదట స్పానిష్ భాషలో వ్రాయబడినది. ఇంగ్లీషు ప్రతి 1977లో వెలువడెను. అటు తరువాత ఎనుబదికి పైగా భాషలలోనికి పోయినది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ప్రచురించిరి. వెర్నర్ వైద్యుడు కాడు, జీవశాస్త్రము చదివిన ఉపాధ్యాయుడు. కొందరు దీనిని లోపముగా ఎంచుదురు. మేము అట్లు తలంచము. తనకు తెలిసినది ఎక్కడ ముగియునో ఎరిగిన రచయిత గనుకనే ప్రతి ముఖ్యమైన రోగము దగ్గర “ఇంతవరకు మీరు చేయుడి, ఈ గుర్తు కనబడినచో ఆసుపత్రికి పొండి” అను గీత గీయగలిగెను.

ఆ పుస్తకపు మొదటి అధ్యాయమే విశేషమైనది. అది మందులతో గాని సూక్ష్మజీవులతో గాని ప్రారంభము కాదు. ఇంటి వైద్యములతోను, ప్రజల నమ్మకములతోను ప్రారంభమగును. పసిబిడ్డ నడినెత్తిన మాడు గుంటపడుటను తీసికొందము. అది గుంటపడిన బిడ్డ బ్రతుకదని పల్లెవారికి తెలియును. అందువలన అంగిటిని పైకి నొక్కుట, బిడ్డను తలక్రిందులుగా పట్టుట వంటివి చేయుదురు. వెర్నర్ వారిని ఎగతాళి చేయలేదు. మీరు చూచిన గుర్తు నిజమే, అది ప్రమాదమే, కాని కారణము ఒంటిలో నీరు తగ్గుట గనుక నీరు త్రాగించవలెను అని చెప్పును. పాఠకుడు అప్పటికే ఎరిగినదానిని పునాదిగా చేసికొని దానిపై కట్టెను. ఈ పద్ధతిని మన ప్రసంగ శాస్త్ర తరగతులలో ఇంకను సరిగా నేర్పుట లేదు.

మరియొక సంగతి. ఆ పుస్తకములో చదువురాని వారికి మందు ఇచ్చుటకు చిన్న చీటీల నమూనాలు కలవు. ఉదయించు సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, అస్తమించు సూర్యుడు, చంద్రుడు. వాటి క్రింద ఎన్ని మాత్రలో బొమ్మ. పుస్తకము చదువువాడు ఒకడు, దాని ఫలితము అనుభవించువాడు మరియొకడు అని రచయిత గుర్తెరిగెను. మన చిన్న పుస్తకములు వ్రాయువారిలో ఎక్కువమంది చదువువాడే ఆఖరివాడు అనుకొందురు. పల్లెలో ఒకరు చదువగా నలుగురు విందురు. ఆ నలుగురిలో పెత్తనము సాధారణముగా చదువురాని పెద్దవారిదే.

విరేచనములకు ఇచ్చు నీటిని గూర్చిన భాగము దగ్గర మేము చాలసేపు ఆగితిమి. ఒక లీటరు శుభ్రమైన నీరు, చెంచా అంచుకు సమముగా అర టీచెంచా ఉప్పు, ఎనిమిది టీచెంచాల పంచదార. ఇంతవరకు ఎవరైనను వ్రాయుదురు. వెర్నర్ అంతటితో ఆగక, పంచదార వేయకమునుపే రుచి చూడవలెననియు, అది కన్నీటికంటె ఉప్పగా ఉండరాదనియు చెప్పెను. చెంచాలు ఇంటింటికి మారును, ఉప్పు ఎక్కువైనచో బిడ్డకు అపాయము. కొలత తప్పిపోవచ్చునని ముందే ఎరిగి, ఆ తప్పును పట్టుకొను సాధనమును కూడ పాఠకుని చేతికిచ్చెను. కన్నీటి రుచి ఎరుగని తల్లి లేదు గదా.

ఇంత మెచ్చుకొనిన తరువాత లోపములను కూడ చెప్పవలెను. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వారు ఓఆర్ఎస్ పొట్లములోని పాళ్ళను తగ్గించిరి. లీటరుకు ఉప్పు 3.5 గ్రాముల నుండి 2.6 గ్రాములకు, గ్లూకోజు 20 గ్రాముల నుండి 13.5 గ్రాములకు వచ్చెను. ఇంట చేయు నీటికి కూడ ఆరు టీచెంచాల పంచదార చాలునని నేడు సామాన్యముగా చెప్పుచున్నారు. 2004లో ఆ రెండు సంస్థలే విరేచనములైన బిడ్డలకు పది నుండి పదునాలుగు దినములు జింకు ఇవ్వవలెనని సూచించెను. ఈ పుస్తకమును మరల మరల సవరించి ముద్రించుచునే యున్నారు. కాని ఇంటి అలమరలోని ప్రతి తనంతట తాను సవరించుకొనదు. వ్యాఖ్యాన గ్రంథము పాతబడినచో పెద్ద నష్టము లేదు. మార్గదర్శిని ఏ సంవత్సరము నాటిదో అట్టమీదనే పెద్ద అక్షరములతో వేయవలెను.

రెండవ లోపము పేరులోనే యున్నది. ‘వైద్యుడు లేనిచోట’ అను మాట మన పల్లెలకు సగమే అతుకును. మన పల్లెలలో ఎంబీబీఎస్ వైద్యుడు లేకపోవచ్చును గాని ఆర్ఎంపీ లేని పల్లె అరుదు. జ్వరము రాగానే సూది, నీరసమనగానే సెలైను. 2005 తరువాత ఆశా కార్యకర్తలు, 108 వాహనము వచ్చినవి గనుక దూరము కూడ మునుపటంత దూరము కాదు. కావున మన పాఠకునికి ఈ పుస్తకములో అందరికంటె ముందు చదువదగినది అనవసరమైన ఇంజక్షన్లను గూర్చిన అధ్యాయము. మెక్సికో కొండలలో వైద్యుడు లేకపోవుట సమస్య. మనకు ఎవరి మాట వినవలెనో తెలియకపోవుట సమస్య. తెలుగు పాఠకుని కొరకు ఒక ముందుమాట ఈ సంగతిని విప్పి చెప్పియుండవలసినది.

క్రైస్తవ సంఘమునకు ఈ జాతి పుస్తకములు క్రొత్త కాదు. డిడాకే, అనగా పన్నిద్దరు అపొస్తలుల బోధ, మొదటి శతాబ్దాంతమునకో రెండవ శతాబ్దారంభమునకో చెందిన చిన్న గ్రంథము. 1873లో బ్రయెన్నియొస్ అను మెత్రోపొలితాను కాన్‌స్టాంటినోపులులో దీని వ్రాతప్రతిని కనుగొని 1883లో ప్రచురించెను. మన విద్యార్థులు దీనిని బాప్తిస్మ చరిత్రకు, ప్రభు భోజన చరిత్రకు ఆధారముగా మాత్రమే చదువుదురు. మార్గదర్శినిగా చదివినచో వేరొక సొగసు కనబడును. బాప్తిస్మము పారు నీటిలో ఇవ్వవలెను. పారు నీరు లేనియెడల వేరే నీరు. చన్నీళ్లు తగనియెడల వేడినీళ్లు. రెండును చాలినంత లేనియెడల తలపై మూడుమారులు పోయవలెను. ఎంత చక్కని ‘లేనియెడల’లు! సంచార బోధకుని గూర్చి కూడ అట్లే: ఒక దినము ఉండవచ్చును, అవసరమైనచో రెండు, మూడవ దినము కూడ ఉన్నవాడు అబద్ధ ప్రవక్త. వెళ్లునప్పుడు రొట్టె తప్ప పుచ్చుకొనరాదు, డబ్బు అడిగినవాడు అబద్ధ ప్రవక్త. ఆత్మలను వివేచించు వరము లేని పల్లె విశ్వాసి కూడ వేళ్లమీద దినములు లెక్కించి తెలిసికొనగలడు. (ఈ నియమమును నేటి మన ఉజ్జీవ కూటముల ప్రసంగీకులకు అన్వయించినచో ఎందరు మిగులుదురో చెప్పలేము.)

లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి కూడ ఈ వరుసలోనిదే. సాక్సనీ సంఘములను తనిఖీ చేసి, ప్రజలతో పాటు కాపరుల అజ్ఞానమును చూచి గుండె బ్రద్దలై వ్రాసినది. ఇంటి యజమాని తన ఇంటివారికి ఎట్లు నేర్పవలెనో, ఉదయ సాయంకాలములలో, భోజనమునకు ముందు తరువాత ఎట్లు ప్రార్థింపవలెనో అందు కలదు. దాని తెలుగు అనువాదమును బెంజమిన్ షుల్జ్ చేయగా 1746లో జర్మనీలోని హాలే పట్టణమున అచ్చయినది. తెలుగున అచ్చయిన తొలి పుస్తకములలో అది ఒకటి. అనగా మన అచ్చు చరిత్ర తొలి అడుగులలోనే “ఎట్లు చేయవలెను” అను పుస్తకము ఉన్నది. అయితే మాటలు మార్చక నేర్పుమని లూథరు కాపరులకు చెప్పినది మనము గట్టిగా పట్టుకొంటిమి, తరువాత అర్థము కూడ నేర్పుమని చెప్పినది విడిచితిమి.

ఇక మేము చెప్పవలసిన అసలు సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక అనువాద పుస్తకము మా సంఘమునకు ఉచితముగా వచ్చెను. రోగి స్వస్థతకు ఏడు మెట్లు చెప్పు పుస్తకము. పేరు చెప్పము. ప్రచురించినవారి ఉద్దేశము మంచిదే అయియుండును. మేము దానిని పూర్తిగా చదువకయే ఆదివారమున పంచితిమి. అందులో నాలుగవ మెట్టు, రోగ లక్షణములను నోట పలుకరాదు, పలికినచో అది అవిశ్వాసమని. ఒక ఇంటిలో ఏడాదిన్నర బిడ్డకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. ఆ ఇంటి పెద్దామెకు చదువురాదు. రాత్రి కోడలిచేత చదివించుకొనెను. రెండవనాటి సాయంకాలము మేము పరామర్శకు పోగా “బాగుగానే ఉన్నది అయ్యగారూ, ప్రార్థన చేయండి” అనెను. కోడలు తలవంచుకొని నిలిచినది. మేము ప్రార్థన చేసి వచ్చితిమి. బిడ్డ మాడు తాకి చూడలేదు. మూడవనాటి ఉదయమున ప్రక్కింటివారు ఆటోలో వేసికొని ఆసుపత్రికి పోయిరి. ఆరు దినములు సెలైనుమీద ఉండి బిడ్డ బ్రతికెను.

ఆ తరువాతి ఆదివారము పెద్దామె ఆ పుస్తకమును చేతపట్టుకొని సాక్ష్యము చెప్పెను. ఆటో మాట, సెలైను మాట రాలేదు. సంఘమంతయు ఆమేన్ అనెను. కూటము ముగిసిన పిమ్మట ఐదుగురు వచ్చి ప్రతులు అడిగిరి. ఒక పుస్తకము ఉపయోగపడినదా అని పాఠకులనే అడిగినచో సరిపోవునని తలంచువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. ఆ దినమున మేము వేదికపై ఏమియు చెప్పలేకపోతిమి.

ఆ పుస్తకము యాకోబు 5:14ను ఆధారము చేసికొనెను గాని ఆ వచనములోని నూనెను, పిలువబడిన పెద్దలను విడిచెను. రోగి తన రోగమును దాచినచో పెద్దలను పిలుచుట ఎట్లు? హిజ్కియాకు పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానమైన తరువాత కూడ యెషయా అంజూరపు ముద్దను పుండుమీద కట్టుమనెను (యెషయా 38:5, 21). తిమోతి కడుపు జబ్బును పౌలు దాచలేదు, దానికి ఏమి పుచ్చుకొనవలెనో వ్రాసెను (1 తిమోతి 5:23). ఏడు మెట్లు ఎక్కిన తరువాత కూడ రోగము తగ్గనియెడల ఏమి చేయవలెను అను ప్రశ్న ఆ పుస్తకములో ఎక్కడను లేదు. తగ్గనిచో తప్పు చదువరిది. డిడాకేలో నాలుగు పంక్తులలో మూడు ‘లేనియెడల’లు ఉండగా, అరువది పేజీలలో ఒక్కటి లేకపోవుట సాహిత్య లోపము మాత్రమే కాదు, సిద్ధాంత దోషము. దేవుని కృపను యంత్రముగా చేసిన దోషము.

బీడీ విద్యార్థులకు ఇట్టి పుస్తకములలో ఒకదానిని సమీక్షించు పనిని పాస్టరల్ కేర్ పాఠ్యములో చేర్చవలెనని మా కోరిక. గ్రంథాలయములో కూర్చుండి కాక, దానిని కొనిన ఇంటికి పోయి, అక్కడ చదివించి విని వ్రాయవలెను.

మా యొద్ద మిగిలిన పదునాలుగు ప్రతులను తగులబెట్టుదమా అని ఆలోచించితిమి. పంచిన ప్రతులు ఇండ్లలోనే ఉన్నవి గనుక అది నిష్ప్రయోజనము. చీటీలు అచ్చువేయించి ఇంటింటికి పోయి లోపలి అట్టపై అంటించితిమి. ప్రార్థించుడి, రోగమును దాచకుడి, బిడ్డకు విరేచనములైనచో ఈ నీరు త్రాగించుడి, మాడు గుంటపడినను, ఏడ్చినప్పుడు కన్నీరు రాకపోయినను 108కు ఫోను చేయుడి అని. నీటి కొలత క్రింద కన్నీటి రుచి సంగతి కూడ వేసితిమి. ఆ పెద్దామె ఇంటికి కూడ పోతిమి. కోడలు చదువగా ఆమె సాంతము విని, “టీచెంచా అంటే ఏది అయ్యగారూ?” అని అడిగెను. ఆ ఇంట గరిటె ఉన్నది, టీచెంచా లేదు. మేము వ్రాసిన చీటీలోనే ‘లేనియెడల’ లేదు. తరువాత వేయించిన చీటీలలో, టీచెంచా లేనియెడల టానిక్ సీసామీది మూతలో 5 మి.లీ. గీత వరకు కొలువుడి, అర చెంచాకు ఆ గీతలో సగము అని చేర్చితిమి.