తెలుపు వెనక చేతులు

పింగాణీతో పెద్దది ఏదైనా చేద్దామనుకుంటే ముందు ఆ మట్టే మొండికేస్తుంది. చేవెళ్ల చుట్టుపక్కల చెరువు మట్టి అలా కాదు. కాస్త ఇసుక కలిపి తొక్కితే ఎటు వంచితే అటు వంగుతుంది, చిన్న పగులు కనిపిస్తే తడివేలితో రుద్దగానే మూసుకుంటుంది. పింగాణీ ముద్దలో దాదాపు సగం చీనా సుద్ద; మిగతాది ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి. మట్టి వేషం కట్టిన రాతిపిండి అనాలి. పచ్చి పలకను ఎత్తేటప్పుడు పొరపాటున కొంచెం వంగనిచ్చి, వెంటనే సరిచేశారనుకోండి. ఎండేదాకా బుద్ధిగా ఉంటుంది. బట్టీలో 1,280 డిగ్రీల వేడికి మెత్తబడ్డాక ఆ పాత వంపు గుర్తు చేసుకుని మళ్లీ వంగుతుంది. పైగా పచ్చిగా ఉన్నప్పటి కొలతలో ఎనిమిదో వంతుదాకా కాలేసరికి మాయం.

మొయినాబాద్ దగ్గర ఒక మిత్రుడి తోటలో, ఎరువుల బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డులో ఓ మూల నాది. సెలవు దొరికితే అక్కడ మట్టి పిసుకుతుంటాను. హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే ఈ దారిలో ఫ్యాక్టరీల కంటే ఫామ్‌హౌస్‌లు ఎక్కువ కావడానికి ఒక కారణం 1996 నాటి జీవో 111. గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాల నీళ్లు చెడిపోకూడదని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు వద్దన్నారు. 2022లో ఆ ఆంక్షలు సడలించారు గానీ అప్పటికే తోటల గోడలు లేచాయి. ఆ గోడల వెనక కొన్నిచోట్ల గుర్రాలు, కొన్నిచోట్ల పెళ్లి వేదికలు. మాలాంటి వాళ్లకు మాత్రం ఓ కరెంటు బట్టీ, త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందా అన్న బెంగ.

పింగాణీ పెద్దదాన్ని ఒప్పుకోదు కాబట్టి ఈ కాలపు శిల్పులు చాలామంది చిన్నవి చేస్తారు, బోలెడన్ని చేస్తారు, వాటన్నిటినీ ఒక గదినిండా పరుస్తారు. ఇన్‌స్టలేషన్ అనే మాట వినగానే భయపడే పాఠకులకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ డి వాల్ 2009లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గుమ్మటం లోపల ఎర్రటి అల్మరా ఒకటి వలయంగా బిగించి 425 పాత్రలు పేర్చాడు. ఆయన సారె మీద తన చేత్తో కుండలు తీసే మనిషి. ఆ మరుసటి ఏడాది చైనా కళాకారుడు ఐ వైవై లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం నేలమీద పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పోశాడు. అన్నీ పింగాణీవే, ఒక్కోటీ చేత్తో గీతలు వేసినదే. జింగ్‌డెజెన్ పట్టణంలో 1,600 మందికి పైగా రెండేళ్లకు మించి ఆ పని చేశారు.

ఆ గింజల మీద జనం నడవాలని, దొర్లాలని ఆయన కోరిక. కొద్దిరోజులకే ఆపేశారు. జనం తొక్కుతుంటే లేచే పింగాణీ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదన్నారు. సరైన నిర్ణయమే. కానీ ఆ వార్త చదివినప్పుడు నాకు లండన్ కాదు, షాద్‌నగర్ గుర్తొచ్చింది. చేవెళ్ల ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఇప్పుడు షాద్‌నగరూ ఉంది. ఆ వైపు పలుగురాళ్లను పిండి చేసే మిల్లుల్లో పనిచేసిన కూలీలు సిలికోసిస్‌తో మంచాన పడ్డారు, చనిపోయారు. సందర్శకుడు పీల్చేది కాసేపే. బస్తా నింపేవాడు పొద్దస్తమానం పీలుస్తాడు. మా షెడ్డుకు వచ్చే తెల్లటి ప్యాకెట్ మీద బరువు, ధర, కాల్చాల్సిన వేడి అచ్చువేసి ఉంటాయి. ఆ రాయిని ఎవరు పగలగొట్టారో ఉండదు. మాస్కు వేసుకుని, తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ జాగ్రత్తపడే మేము కూడా ఆ సంగతి ఆరా తీయం.

మన దగ్గర ముడిసరుకు లేదని కాదు. దేశంలో ఫెల్డ్‌స్పార్ దొరికే ముఖ్యమైన చోట్లలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది. మరి మన పేరున్న కళాకారులు పింగాణీ జోలికి ఎందుకు పెద్దగా పోలేదు? నా ఊహ ఇది: వాళ్లకు పరిమాణం కావాలి. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్, తర్వాత బరోడాలో సిరామిక్స్ చదివిన పి.ఆర్. దరోజ్ గోడల నిండా కుడ్యశిల్పాలు, మనిషి నడిచిపోయేంత ద్వారాలు చేశాడు. ముక్కలు ముక్కలుగా కాల్చి అతికే ఆ పనికి గట్టి స్టోన్‌వేర్ మట్టే సరి. సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి లండన్ రాయల్ కాలేజ్‌లో సిరామిక్స్ నేర్చుకుని కూడా, ఆ కళ్లు విప్పార్చిన భారీ తలలను మట్టిలో మలిచి ఫైబర్‌గ్లాస్‌లో పోతపోశాడు. ఆ కొప్పు, ఆ పూలు పింగాణీలో అంత ఎత్తున నిలబడేవా? పగిలిన ముక్కలు ఏరుకోవాల్సి వచ్చేది.

తెల్లని పాత్రలు పేర్చి ఒక చోటును మార్చేయడం మాత్రం మనకు కొత్త కాదు. తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండలు చూడండి. సున్నం పూసి, జాజుతో గీతలు దిద్ది, ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. వాటిని కుమ్మరి ఇంటినుంచి డప్పుల చప్పుడుతో తీసుకొస్తారు. చేసిన ఇల్లు ఏదో పెళ్లికి వచ్చిన పిల్లలకూ తెలుసు. ఆ ఇంటికి కట్నం ఇవ్వనిదే కుండ కదలదు. జైపూర్‌లో 2018లో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రయెన్నాలే జరిగాక మనదేశంలో మట్టితో ఇన్‌స్టలేషన్లు చేసేవాళ్లకు గౌరవం పెరిగింది, సంతోషం. అయినా ప్రదర్శన గోడమీది కార్డులో కళాకారుడి పేరు, మాధ్యమం, కొలతలు ఉంటాయి. అచ్చుల్లో పింగాణీ ద్రవం పోసిన కుర్రాడి పేరు, అంచులు స్పాంజితో తుడిచిన అమ్మాయి పేరు ఉండవు. సినిమా చివర లైట్‌బాయ్ పేరు కూడా వేస్తారు గదా. వంద ముక్కలు దాటిన ఏ పింగాణీ ప్రదర్శనకైనా ఓ పేర్ల పలక తప్పనిసరి చేయాలని నా పట్టుదల. కళ అంటే ఆలోచన, చేతులు ఎవరివైతేనేం అంటారు కొందరు మిత్రులు. వాదించుకుంటూనే ఉన్నాం.

చేవెళ్ల పక్క ఊళ్లో సారె పక్కన పెట్టేసిన ఒక కుమ్మరి పెద్దాయనకు ఈమధ్య నా గిన్నెలు రెండు చూపించాను. ఒకటి పచ్చిది, ఒకటి అదే అచ్చులోంచి తీసి కాల్చింది. కాలినదాన్ని ఎండకు ఎత్తితే అవతల వేళ్ల నీడ కనిపించింది. అది ఆయనకు పెద్ద విశేషంగా తోచలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, జానతో కొలిచి, "కాల్చినంక గింతే మిగుల్తదా సారూ? మరి పైసలు పచ్చిదాని లెక్కన తీసుకుంటరా, కాలినదాని లెక్కనా?" అన్నాడు. ఎంతకు అమ్ముతానో చెప్పాక ఇంకో ప్రశ్న వేశాడు: ఆవం కాకుండా కరెంటు మీద కాల్చడానికి నెలకు బిల్లు ఎంతొస్తుందని.