‘పవర్’ శబ్దార్థ విచారము

ఆంగ్లమునందలి ‘పవర్’ అను పదము నేఁడు తెలుఁగునాఁట నందఱి నోటను వినవచ్చుచున్నది. మా నస్పూరు ప్రాంతమున, శ్రీరాంపూరు బొగ్గుగనుల చెంత, దీని వాడుక మఱింత మెండు. ‘పవర్ పోయినది’ యన్న దీపము లాఱె ననియు, ‘కళ్ళజోడు పవర్ మాఱినది’ యన్న నద్దములు మార్పవలె ననియు, ‘పవర్‌లోనికి వచ్చిరి’ యన్న నెన్నికలలో గెలిచి రనియు, ‘జనరల్ పవర్ వ్రాసి యిచ్చెను’ అన్న ముక్తారునామా యొసఁగె ననియు నర్థము. ఇట్టి యనేకార్థక పదమునకుఁ దెలుఁగున ‘శక్తి’ యొక్కటియే చాలునని కొందఱందురు. ఈ మతము విచార్యము.

వారి పక్షమునకు బలము లేకపోలేదు. ఆంగ్లపదము ‘చేయఁగలుగుట’ యను నర్థముగల లాటిన్ క్రియనుండి ప్రాచీన ఫ్రెంచి ద్వారమున వచ్చినది. శక్ ధాతువునకు క్తిన్ ప్రత్యయము చేరఁగా నేర్పడిన శక్తి శబ్దమునకును యోగార్థ మదియే. అయినను యోగముకంటె రూఢి బలవత్తరమని శాస్త్రసంప్రదాయము. వ్యుత్పత్తి సమానమైనంతన వ్యవహారము సమానము కాదు.

తెలుఁగు భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథములు బలము, శక్తి, సామర్థ్యము అను మూఁటిని వేఱుపఱచినవి. పని చేయఁగలుగుట శక్తి. ఆ పని యెంత వేగముగా జరుగునో తెలుపునది సామర్థ్యము. పెగడపల్లిలోని సింగరేణి తాపవిద్యుత్కేంద్రమున 600 మెగావాట్ల యంత్రములు రెండు గలవు. మొత్తము 1200 మెగావాట్లు; ఇది సామర్థ్యము. అది పూర్ణసామర్థ్యముతో నొక గంట నడిచిన 12 లక్షల యూనిట్లును, 24 గంటలు నడిచిన 2 కోట్ల 88 లక్షల యూనిట్లును పుట్టును, ఇది శక్తి. ‘1200 మెగావాట్ల శక్తి’ యని వ్రాయుట, బిందెలో నీరెంత యని యడిగిన నల్లా ధార వేగమును జెప్పుట వంటిది. పత్రికలలో నీ సాంకర్యము తఱచు. బడిలో నేర్చిన భేదమును బాలుఁడు మఱునాఁటి పత్రిక చదివి కోలుపోవుచున్నాఁడు.

సామర్థ్య శబ్దము వ్యాకరణమునఁ బదముల పరస్పర సంబంధమును దెలుపును గదా, దానిని పనివేగమున కెట్లు వాడుదురని పండితు లాక్షేపింపవచ్చును. గుణ వృద్ధి శబ్దములకు లోకమున నొక యర్థమును, పాణినీయమున వేఱొక యర్థమును లేవా? ప్రతిశాస్త్రమునకును దన పరిభాష గలదు. గణితమున నీ యాంగ్లపదమునకే ‘ఘాతము’ తగినది: 2 యొక్క అయిదవ ఘాతము 32. ఘాత శబ్దము సంస్కృత గణితమున గుణనార్థమునఁ బూర్వమే ప్రసిద్ధము. అచట శక్తి యన్న నెవ్వరికిని బోధపడదు.

పాలనావిషయమున నీ భేదము మఱింత ముఖ్యము. శక్తి తన యాశ్రయమునందే యుండును; అగ్నికి దాహకశక్తిని వేఱొకరు దయచేయలేదు. అధికారమన్ననో యొకరిచే నొసఁగఁబడినది. పదవితో వచ్చి పదవితోఁ బోవును. పాణినీయమున నధికారసూత్రము తన స్థానమున వాక్యార్థమును బూర్ణముగా బోధింపదు. తరువాతి సూత్రముల కుపకరించుటకే యున్నది. దానికి హద్దును గలదు. పరోపకారమును, హద్దును రెండును నా శబ్దముననే స్ఫురించుచున్నవి. ఏలువాని యధికారమును శక్తి యని పిలిచినచో నవి మఱుగుపడి, యిచ్చినదానిని స్వతస్సిద్ధమను భ్రాంతి కలుగును. ఆంగ్లపద మీ రెంటిని నొక్క ముసుఁగునఁ గప్పినది. మన భాష వేఱుపఱచినది. ఉన్న వివేకమును బోఁగొట్టుకొనుట భాషాసేవ కానేరదు.

అనేకార్థక శబ్దమునకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము, శబ్దాంతరసన్నిధి మొదలగునవి యర్థనిర్ణాయకములని భర్తృహరి వాక్యపదీయమునఁ జెప్పెను. అనువాదకులకును నదియే మార్గము. వాట్లు సన్నిధి నుండ సామర్థ్యము, యూనిట్లుండ శక్తి, అంకెపై నంకె యుండ ఘాతము, పదవి యుండ నధికారము, దస్తావేజుండ ముక్తారునామా. సంభాషణమునఁ ‘బవర్’ అన్న దోషము లేదు. వినువానికిఁ బ్రకరణము కన్నుల యెదుట నుండును. శాస్త్రమునను శాసనమునను వ్రాయువాఁడు మాత్ర మే యర్థమునఁ బ్రయోగించుచున్నాఁడో మున్ముందు నిశ్చయించుకొని, పిదపఁ గలము పట్టవలెను.