గడప దాటని పద్దెనిమిదేళ్ళు

జోన్ బెన్నెట్ గురించి రాసేవాళ్ళ కలం ఒక మాట దగ్గరికి రాకుండా ఉండదు: పతనం. 1940లలో హాలీవుడ్‌లో వెలిగిన తార 1966 నాటికి టీవీలో మధ్యాహ్నం పూట వచ్చే సోప్ ఒపేరాలో నటించే స్థితికి దిగజారిందంటారు. సినిమా పై మెట్టు, సీరియల్ కింది మెట్టు. ఈ మెట్లు ఎవరు కట్టారు, ఆమెను పైనుంచి ఎవరు తోశారు అన్న ప్రశ్నలు మాత్రం పెద్దగా వినిపించవు. నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళినవి ఆ ప్రశ్నలే.

1910లో న్యూజెర్సీలో నటుల కుటుంబంలో పుట్టింది జోన్. తండ్రి రిచర్డ్ బెన్నెట్ రంగస్థల నటుడు, అక్క కాన్‌స్టన్స్ తర్వాత పేరున్న తార అయింది. బంగారు జుట్టుతో అమాయకపు పిల్లగా పదేళ్ళు నెట్టుకొచ్చాక, 1938లో 'ట్రేడ్ విండ్స్' కథ కోసం ఆమె జుట్టు నల్లబడింది. దాంతో పరిశ్రమ ఆమెను చూసే చూపే మారిపోయింది. జుట్టు రంగును బట్టి స్త్రీ శీలాన్ని తూచే చూపు అది. అమాయకురాలు కాస్తా మగవాణ్ణి ముంచే మోహిని అయింది. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'స్కార్లెట్ స్ట్రీట్' (1945)లో ఆమె వేసిన కిట్టీని, ఆమె చేతిలో మోసపోయిన మగవాడు మంచుముక్కలు పొడిచే సూదితో పొడిచి చంపుతాడు. అయితే ఆ సినిమా తీసిన డయానా ప్రొడక్షన్స్‌లో లాంగ్‌తో, తన భర్త వాల్టర్ వేంగర్‌తో పాటు ఆమె కూడా భాగస్వామి. సంస్థకు పెట్టింది ఆమె పెద్ద కూతురి పేరే. తెర మీద శిక్ష అనుభవించే స్త్రీకి తెర వెనక వాటా ఉందన్న సంగతి 'పతనం' కథలో ఎక్కడా ఇమడదు.

ఆమె సినిమాల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసేది మాక్స్ ఓఫల్స్ తీసిన 'ది రెక్‌లెస్ మూమెంట్' (1949). భర్త ఉద్యోగం మీద బెర్లిన్‌లో ఉంటాడు. కూతురి ప్రియుడు ప్రమాదవశాత్తూ చనిపోతే, కూతురే చంపిందనుకుని లూసియా ఆ శవాన్ని ఒంటరిగా పడవలోకి ఈడ్చుకెళ్ళి దాచేస్తుంది. బ్లాక్‌మెయిలర్లు డబ్బు అడుగుతారు. భర్త ప్రమేయం లేకుండా ఆమెకు అప్పు పుట్టదు. నగలు కుదువ పెట్టినా చాలినంత రాదు. ఇంత జరుగుతున్నా కిరాణా సామాను జాబితా ఆగదు, మామగారికి సమాధానాలు చెప్పడం ఆగదు. చివర మెట్ల కమ్మీల వెనక కూర్చుని, ఏడుపు దిగమింగుకుంటూ, ఇక్కడంతా బాగానే ఉందని ఫోనులో భర్తకు నమ్మబలుకుతుంది. ఆ కమ్మీలు జైలు ఊచల్లా కనిపిస్తాయి. కుటుంబం నేరాన్నంతా తన మీద వేసుకుని మోసే ఇల్లాలిని ఇంత నిశ్శబ్దంగా చూపించిన సినిమాలు తక్కువ.

రెండేళ్ళకే జీవితం కూడా అదే భారాన్ని ఆమె మీద పెట్టింది. 1951 డిసెంబరు 13న బెవర్లీ హిల్స్‌లో ఒక పార్కింగ్ స్థలంలో, ఆమెతో సంబంధం ఉందన్న అనుమానంతో ఆమె ఏజెంటు జెన్నింగ్స్ లాంగ్‌ను వేంగర్ తుపాకితో కాల్చాడు. గాయపడినవాడు బతికాడు. కాల్చినవాడికి పడింది నాలుగు నెలల శిక్ష. ఆ జైలు అనుభవాన్నే పెట్టుబడిగా పెట్టి అతను 'రయట్ ఇన్ సెల్ బ్లాక్ 11' (1954) తీశాడు. 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' (1956), 'క్లియోపాత్రా' (1963) కూడా అతను నిర్మించినవే. జెన్నింగ్స్ లాంగ్ యూనివర్సల్ సంస్థలో పెద్ద పదవులకెక్కాడు. తుపాకి పట్టనిదీ తూటా తగలనిదీ ఆమె ఒక్కతే. తలుపులు మూసుకుపోయింది ఆమెకే. అప్పటిదాకా అరవైకి పైగా సినిమాలు చేసిన నటికి, తర్వాతి పదేళ్ళలో దక్కినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇద్దరు మగవాళ్ళ తగవులో ముగ్గురిలో ఒక్కరికే వృత్తి పోయిందంటే, దాన్ని కుంభకోణం అనాలా, వెలి అనాలా?

1966 జూన్‌లో ఏబీసీ చానెల్ 'డార్క్ షాడోస్' మొదలుపెట్టినప్పుడు ఆమెకు 56 ఏళ్ళు. ఆమె పాత్ర ఎలిజబెత్ కాలిన్స్ స్టాడర్డ్, పెద్ద భవంతికి యజమానురాలు. భర్తను తానే చంపానన్న నమ్మకంతో, శవం నేలమాళిగలో ఉందన్న భయంతో, పద్దెనిమిదేళ్ళుగా ఇంటి గడప దాటదు. ఆ రహస్యం పట్టుకుని ఒకడు ఆమెను పెళ్ళికి ఒత్తిడి చేస్తాడు. 1967లో ఆ పెళ్ళి పీటల మీదే ఆమె నిజం చెప్పేస్తుంది. తవ్వి చూస్తే అక్కడ శవమే లేదు. చెయ్యని హత్యకు తనకు తానే వేసుకున్న యావజ్జీవ శిక్ష! చెయ్యని నేరానికి పదిహేనేళ్ళు వెలి అనుభవించిన నటి ముఖంలో ఈ పాత్రను చూడటం మామూలు అనుభవం కాదు.

అదే ఏడాది రక్తపిశాచి బార్నబాస్ పాత్ర వచ్చాక, కథ మొగ్గు అటు తిరిగింది. ఆమె మాత్రం 1971 ఏప్రిల్‌లో సీరియల్ ముగిసేదాకా నిలబడింది. కథ వెనకటి కాలాలకు వెళ్ళినప్పుడల్లా కొత్త పాత్ర వేసింది. 1897 నాటి కథలో ఆమె జూడిత్. ఆస్తి కోసం పెళ్ళాడిన భర్త ఆమెను పిచ్చిదాన్ని చేసి ఆసుపత్రిలో పెట్టిస్తాడు. ఆమె తిరిగొచ్చి అతణ్ణి గదిలో పెట్టి గోడ కట్టించేస్తుంది. మెట్ల కమ్మీల వెనక లూసియా ఏడ్చిన ఇరవై ఏళ్ళకు, అదే నటి ఆ గోడను మగవాడి చుట్టూ లేపింది. తొంభై నిమిషాల సినిమా స్త్రీకి ఒక్క ముగింపే ఇస్తుంది, అది చాలాసార్లు శిక్షే. వారానికి ఐదు రోజులు సాగే సీరియల్‌కు ముగించాలన్న తొందర లేదు. ఆ తీరికలో ఆమెకు నాలుగైదు జీవితాలు దొరికాయి.

సోప్ ఒపేరా అన్న పేరులోనే వెటకారం ఉంది. సబ్బుల కంపెనీల డబ్బుతో గృహిణుల కోసం నడిచిన రేడియో నాటకాలకు తగిలించిన పేరది. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు సీరియళ్ళ మీద ఒక అధ్యాయం రాస్తానంటే, "అదేం సాహిత్యమమ్మా, ఆడవాళ్ళ కాలక్షేపం" అన్న పెద్దలున్నారు. చూసేవాళ్ళు ఆడవాళ్ళయితే చాలు, ఆ కళ విలువ దానంతటదే పడిపోతుంది. అందులో నటించినామె 'దిగజారినట్టే' లెక్క. మాటలు తడబడినా, మైకు నీడ గోడ మీద పడినా, మళ్ళీ తీసే వీలు లేని హడావిడిలో, ఆ వయసు స్త్రీకి ఇంటి పెద్ద స్థానమిచ్చి రోజూ పని ఇచ్చింది సీరియలే. 1968లో ఆ నటనకు ఎమ్మీ నామినేషన్ కూడా వచ్చింది.

అలాగని సీరియల్ ఆమెకు న్యాయం చేసిందని సరిపెట్టుకోలేను. అది తలుపు తెరిచింది, నిజమే. కానీ లోపలికి రమ్మన్నది మళ్ళీ గడప దాటని ఇంట్లోకే. 1990లో ఆమె చనిపోయింది. నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా, నటిగా పండే వయసులో ఆమె చెయ్యగలిగి చెయ్యలేకపోయిన పాత్రలు ఏ సినిమాల జాబితాలోనూ ఉండవు. పతనమని సులువుగా రాసేసే ముందు విమర్శ తవ్వి చూడవలసింది ఆ ఖాళీనే.