మార్కుల తూకము, మేధస్సు తూకము

ధారూరు పరిసర గ్రామములలో పదవ తరగతి ముగించిన బాలిక భౌతికశాస్త్రజ్ఞురాలు కాదలచినచో ఆమెకు దారి ఏది? 2008లో ఆరంభమైన రెండు ప్రయత్నములను ఈ ప్రశ్నతో పరిశీలింతము.

మొదటిది కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ పథకము. ఇందు మౌలిక శాస్త్రములు చదువువారికి ఏటా 80,000 రూపాయల ఉపకారవేతనము ఏర్పరచిరి. ఆశయము మెచ్చదగినదే. కాని ఎంపికకు ముఖ్యమైన కొలబద్ద, ఇంటర్మీడియట్ మార్కులలో బోర్డు మొత్తముమీద మొదటి 1 శాతములో నిలుచుట. ఉష్ణమాపకము జ్వరమును చూపును గాని కారణమును చెప్పదు. అట్లే మార్కులు ఫలితమును చూపును. ప్రయోగశాల, శిక్షణ, తీరిక ఎవరికి దొరికినవో చెప్పవు.

రెండవది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. పదవ తరగతిలో గ్రేడ్లు ఉన్న కాలమున, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల సగటుకు అది 0.4 చేర్చి ఎంపిక చేసినది. తక్కెడలోని పాసంగము సరిచూచి తూచుట వంటిదే ఈ సవరణ. అయితే బాసరలో ఆరేండ్ల చదువు ముగిసినపుడు చేతికి వచ్చునది ఇంజనీరింగు పట్టము. మన బాలిక కోరినది భౌతికశాస్త్రము గదా!

ఒకదానికి గమ్యము సరియైనది. రెండవదానికి తూకము సరియైనది. మౌలిక శాస్త్రముల ఉపకారవేతనమునకు అట్టి సవరణ చేర్చుట అసాధ్యము కాదు. ఇన్‌స్పైర్‌లోనే మానక్ అను విభాగము పాఠశాల పిల్లల నూతన భావములకు 10,000 రూపాయలు ఇచ్చునపుడు మార్కులు అడుగలేదు. కనుక ఉపాధ్యాయులు దానికి పేర్లు పంపునపుడు మొదటి ర్యాంకువారినే గాక, తరగతిలో ఎక్కువ ప్రశ్నలడుగువారిని కూడ తలచుకొనవలెను.