విహారనౌకలో నేతగాని గిన్నె

ఫ్రాన్సు దేశపు నదులపై సాగు భోజనవిహారయాత్రలను గూర్చిన వ్రాతలు ఇటీవల మన ఇండ్లలోనికి విరివిగా వచ్చుచున్నవి. పరదేశమున ఉద్యోగము చేయు కుమారులో కుమార్తెలో తల్లిదండ్రులను అట్టి యాత్రకు పిలుచుచు రంగుబొమ్మల పుస్తకములు పంపుదురు. వెళ్ళివచ్చినవారు తమ అనుభవములు వ్రాయుదురు. ఈ రెండు తెగల వ్రాతలకును భేదము మిక్కిలి తక్కువ. ద్రాక్షతోట, పాతకోట, సంధ్యాకాంతి, తెల్లని గుడ్డ పరచిన బల్ల, దానిపై వరుసగా వచ్చు వంటకములు, ఇంతటితో యాత్ర ముగియును. అట్టి యాత్ర చేయుట తగునా తగదా యను ప్రశ్న మాకు లేదు. కష్టపడి సంపాదించినవారు సుఖముగా విహరించుటను ఆక్షేపించిన నది అసూయయే యగును. మేము విమర్శింప దలచినది ఆ వ్రాతలను. మార్కండేయ సంతతిగా చెప్పుకొనుచు భివండిలో మగ్గముల చప్పుడు నడుమ బ్రదుకు మనవారు వానిని చదువునపుడు, వానిలో తప్పిపోయిన దొకటి మనకు సంబంధించినదే యని మా అభిప్రాయము.

ముందుగా ఆ యాత్ర ఎట్టిదో చెప్పవలెను. ఉత్తరమున సేన్ నది పారిస్ నుండి నార్మండీ దిశగా పోవును. నైరృతిని బోర్దో నగరపు చుట్టుప్రక్కల గరోన్, దోర్దోన్ నదులు గలవు. ఆగ్నేయమున సోన్ నదియు, అది వచ్చి కలియు రోన్ నదియు గలవు. (ఈ సోన్ బీహారులో గంగను కలియు మన శోణ కాదు.) భోజనప్రియులు ఎక్కువగా మెచ్చునది ఈ మూడవ దారి. బర్గండీ సీమలోనో లియోన్ నగరమందో ఓడనెక్కి దక్షిణమున అవిన్యోన్, ఆర్ల్ పట్టణముల వరకు పోవుదురు. ఓడ పొడవు సాధారణముగ 110 మొదలు 135 మీటర్ల వరకు ఉండును. దారిలోని లాకులు ఎంత పొడవును పట్టునో ఓడయు అంతకు లోబడియే కట్టబడును. లియోన్ మొదలు సముద్రము వరకు రోన్ నదిపై 12 లాకులు గలవు. వానిలో బొలేన్ వద్దనున్న దానియందు ఓడ సుమారు 23 మీటర్లు దిగును. ధవళేశ్వరము లాకులలో పడవ దిగుట చూచినవారికి ఆ పని తెలిసినదే. కొలత మాత్రము వేరు.

ఈ వ్రాతల గొప్పతనము ద్రాక్షారసమును వర్ణించునపుడు కనబడును. దానిని కాదనరాదు. ఏ కొండవాలు, ఏ నేల, ఏ సంవత్సరపు పంట యనునవి తప్పక చెప్పుదురు. బర్గండీలో ఒక్కొక్క చిన్న మడిచెక్కకు వేరు పేరు, వేరు చరిత్ర. ఆ చెక్కలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. అచ్చటి బోన్ పట్టణమున 1443లో నికొలా రోలాన్ అను రాజోద్యోగి పేదరోగులకై ఆసుపత్రిని స్థాపించెను. దానికి దాతలు ద్రాక్షతోటల నిచ్చుచు వచ్చిరి. ఆ తోటల రసమును వేలము వేయు ఆచారము 1859లో మొదలై నేటికిని సాగుచున్నది. 1860 తరువాత ఫిలాక్సెరా అను పురుగు వేళ్ళను తిని ఆ దేశపు తోటలను నాశనము చేయగా, అమెరికా తీగ వేరునకు ఫ్రెంచి తీగను అంటుకట్టి బ్రదికించుకొనిరి. ఇట్టి సంగతు లన్నియు చదువదగినవే. మన తెలంగాణపు గౌడు తాటికల్లునకు ఈతకల్లునకు, పొద్దునకు మాపునకు, చెట్టునకు చెట్టునకు రుచిభేదము చెప్పగలడు. అతనిని ఏ గ్రంథకర్తయు అడిగి వ్రాసికొన్నట్లు లేదు. ఆ మాట అటుండనిండు.

తీగకు గోత్రప్రవరలు చెప్పు ఈ వ్రాతలు మనుష్యుని దగ్గరకు వచ్చుసరికి మూగవోవును. ఇది చిన్నలోపము కాదని చూపుటకు మన భాషలోని ఒక పాత గ్రంథమును ముందుంచుకొందము.

ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండెను. ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారిలో వ్రాసిన విషయములను మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. ఆ మిత్రుడే వానిని 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చువేయించెను. అప్పటికి గ్రంథకర్త గతించెను. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల వెలువరించిరి. ఆయనయు సుఖముగనే ప్రయాణము చేసెను. పల్లకియు, పరివారముగా సుమారు నూరుగురును ఉండిరి. గంగపై పడవప్రయాణమును చేసెను. కావున కలిగినవాని నదీయాత్రకు తెలుగులో మనకున్న పూర్వోదాహరణ మిదియే. ఐనను ఆయన దృష్టి వేరు. ప్రతి మజిలీలో నీరు మంచిదా, అంగళ్ళున్నవా, బియ్యము మొదలగు సామాను దొరకునా, దారి యెట్టిది, ఊరివారేమి చేసి బ్రదుకుచున్నారు అను ప్రశ్నలు వేసికొని సమాధానము వ్రాసెను. అన్నము వర్ణించుటకంటె అన్న మెట్లు లభించునో చెప్పుట ఆయనకు ముఖ్యము. ఆయన శైలి సొంపైనది కాదు. వాక్యములు కచ్చేరి దస్తావేజుల వలె సాగిపోవును. మా వంటి పద్దులు వ్రాసిన గుమాస్తాలకు అదియే రుచించునని కొందరు నవ్వవచ్చును. కాని సుమారు రెండువందల ఏండ్లు గడచినను ఆ పుస్తకము చదివినవానికి ఆ దారిలోని మనుష్యులు కనబడుదురు. నేటి నౌకావిహార గ్రంథములను ఇరువది యేండ్ల తరువాత తెరచినవారికి కనబడునది భోజనపట్టిక మాత్రమే.

వీరాస్వామయ్య ఇల్లు చేరిన మూడవ నెలలో, 1831 నవంబరు 21వ తేదీన, లియోన్ నగరమున నేతగాండ్రు తిరుగబడిరి. అప్పుడు మన దుబాసీకి ఆ ఊరి పేరైన తెలియునో లేదో! నేడు విహారనౌకలు ఆగి విందులు చేయించునది ఆ ఊరిలోనే.

లియోన్ పట్టునేతకు పుట్టినిల్లు వంటిది. అచ్చటి నేతగాండ్రను కానూలు అందురు. క్రువారూస్ అను గుట్టపై వారి ఇండ్లు. ఆ ఇండ్ల పైకప్పు సుమారు 4 మీటర్ల ఎత్తుండును. కారణము మగ్గము. 1752లో పుట్టిన జోసెఫ్ మరీ జకార్డ్ అను నాతడు చిల్లులు పొడిచిన అట్టలతో నమూనా నేయు సాధనమును 19వ శతాబ్ది తొలియేండ్లలో సిద్ధపరచెను. అది మగ్గముపై నిలుచుటకు అంత ఎత్తు కావలసివచ్చినది. మన చీరల అంచులకు జకార్డు కట్టు ప్రతి నేతగాని నోటను ఆ లియోన్ వాని పేరు నిత్యము పలుకుచున్నది, అది మనుష్యుని పేరని తెలియకయే. ఇండ్లనడుమ నుండి వీథినుండి వీథికి పోవు సందులను అచ్చట ట్రాబూలు అందురు. నేసిన పట్టు వానలో తడవకుండ చేరవేయుటకు అవి ఉపకరించెను.

వారి వ్యవహారము వినుడు. పట్టువ్యాపారి నూలు ఇచ్చును. కానూ తన ఇంటిలో, తన మగ్గముపై, భార్యాబిడ్డలతోను పనివాండ్రతోను కలసి నేయును. కొలతనుబట్టి కూలి. బజారు పడిపోయినపుడు వ్యాపారి కూలి తగ్గించును, మగ్గముమాత్రము కానూ మెడకే కట్టియుండును. నూలు ఒకరిది, మగ్గ మొకరిది, మీటరుకింతయని మజూరీ. ఇది భివండి జాబువర్కు కాదా? 1831 అక్టోబరులో కనీసపు కూలిరేట్ల పట్టిక ఒకటి ఇరుపక్షములు కూర్చుండి కుదుర్చుకొనెను. వ్యాపారులలో కొందరు దానిని ఒప్పమనిరి. దానిపైన తిరుగుబాటు. పని చేయుచు బ్రదుకుదుము, లేదా పోరాడుచు చత్తుమను అర్థము గల మాటను నల్లజెండాపై వ్రాసికొనిరి. కొన్ని దినములు నగరము వారి చేతిలో నుండెను. డిసెంబరులో సైన్యము వచ్చెను, రేట్ల పట్టిక రద్దయ్యెను. 1834 ఏప్రిలులో మరల లేచి మరల అణగిరి.

ఇప్పుడు ఆ ఊరి విందు చూడుడు. నౌకాయాత్రికులను దింపి బూషోన్ అను చిన్న భోజనశాలలకు కొనిపోవుదురు. అచ్చట సెర్వెల్ ద కానూ అను వంటకము పెట్టుదురు. ఆ మాటల అర్థము నేతగాని మెదడు. భయపడ నక్కరలేదు, అందులో మాంసము లేదు. తెల్లని మెత్తని జున్నులో వెల్లుల్లి, చిన్న ఉల్లి, సన్నగా తరిగిన ఆకులు, ఉప్పు, మిరియాలు, కొంచెము నూనె, పులుపు కలిపి నూరిన పచ్చడి. మన పెరుగుపచ్చడికి దూరపుచుట్టము. మేకమెదడు కొనలేని నేతగాడు దీనితో సరిపెట్టుకొనెనని కొందరు చెప్పుదురు. నేతగాని బుద్ధిని ఎగతాళి చేయుటకు ధనికులు పెట్టిన పేరని మరికొందరు. తబ్లియే ద సాపర్ అనునది పశువు పొట్టను పిండిలో పొర్లించి వేచినది. ఉదయమున తిను మాషోన్ అను ఫలహారము రాత్రియంతయు పనిచేసిన కానూలది. వైను పోయు మందపు అడుగుగల సీసా 46 సెంటీలీటర్లు. పేదవాని పొట్టకు చవకగా దొరకినవే ఇవి యన్నియు. నేడు ఇవి గొప్పవారి బల్లపై వెలగల వంటకములు.

వంటకము పేద ఇంటినుండి గొప్ప ఇంటికి పోవుట తప్పు కాదు. అది ఎల్లచోట్లను జరుగునదే. ఎజేనీ బ్రాజియే అను నామె పల్లెలో పుట్టి, ఇంటిపనికి లియోన్ వచ్చి, 1921లో భోజనశాల పెట్టి, 1933లో మిష్లెన్ వారి ఆరు నక్షత్రములు పొందినది. ఆమె పేరు ఈ వ్రాతలలో గౌరవముగనే కనబడును. అది సంతోషము. కొన్ని యాత్రలలో పట్టునేత చూపించుటయు గలదు. వానిని తక్కిన వానితో కలిపి నిందింపరాదు. మా ఆక్షేపణ యొక్కటే. నేతగాని మెదడను పేరుగల గిన్నెను ముందుంచుకొని, ఆ నేతగాడెవడు, రాత్రి యేల మేలుకొనెను, కూలి యెంత, 1831లో వాని కేమైనదని ఒక్క వాక్యమైన వ్రాయని యాత్రికుడు ఆ గిన్నెను తినినాడు గాని చూడలేదు. పేరు వినోదమైనది, పేరుగలవాడు మాయమైనాడు.

ఇది పరాయి దేశపు దోషమని మనము నిశ్చింతగా నుండరాదు. మన పట్టణము ప్రక్కనుండి పోవు రహదారిపై నాసిక్ చేరినచో అచ్చట త్ర్యంబకమున పుట్టిన గోదావరి ప్రక్కనే ద్రాక్షతోటలు, రుచిచూచు శాలలు వెలసినవి. ఆ గోదావరియే మన తెలుగునేలలో పాపికొండల నడుమ ప్రవహించునపుడు దానిపై మన నౌకావిహారములు సాగును. అచ్చట యాత్రికులు తప్పక వర్ణించునది బొంగుచికెన్. కోసిన వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసమును కూరి, మూతి ఆకులతో మూసి, నూనె లేకయే నిప్పులపై కాల్చుదురు. అది కొండరెడ్ల, కోయల అడవివంట. ఆ విహారమును గూర్చిన వ్యాసములలో మేము చదివినవి అన్నియు బొంగు పొడవును, మాంసపు మెత్తదనమును చెప్పినవే. పోలవరము ఆనకట్టకై ఆ తీరమందలి కొండరెడ్ల, కోయల గూడెములు లేచిపోవలసివచ్చిన సంగతి వానిలో లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారపడవ మునిగి పలువురు మరణించినపుడు మాత్రమే ఆ తీరపు ఊళ్ళ పేర్లు పత్రికల కెక్కెను.

ఇక మన సంచికల మాట. మన పిల్లలు మరాఠీలోను ఇంగ్లీషులోను చదువుకొనుచున్నారు. తెలుగుతనమును వారికి అందించుటకు మిగిలినవానిలో వంట ముఖ్యమని మనవారు గ్రహించి, వంటలపై వ్యాసములు వ్రాయుచున్నారు. మంచి పనియే. కాని వానిలో సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, మక్కగట్క విహారనౌకలోని పళ్ళెముల వలె వరుసగా వచ్చి పోవుచున్నవి. సర్వ యను పాత్ర అడుగున పిండిని తట్టి కాల్చుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. పాత్ర ఒక్కటే యున్న ఇంటిలో అది ఎంత అనుకూలమో చెప్పరు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు జిల్లాలనుండి ఒంటరిగా వచ్చి కామత్‌ఘర్, పద్మానగర్ గదులలో చోటు సంపాదించిన మగ్గపువాడు ఏమి తినెనో అసలే చెప్పరు.

అతడు తినినది భిస్సీలో. ఈ మాట వంటల వ్యాసములలో మాకు ఒక్కమారైనను కనబడలేదు. నెలకింతయని సొమ్ము కట్టి రెండుపూటల తిను ఆ భోజనపుటిండ్లను పెక్కుచోట్ల ఇల్లాండ్రే నడపిరి. పండ్రెండు గంటల పాళీ ముగిసి వచ్చువారికిని, ఎక్కబోవువారికిని ఒక్క పొయ్యిపైననే వంట. లియోన్ వారి మాషోన్‌కు సమానమైనది మనకున్నచో అది రాత్రిపాళీ దిగినవాడు ప్రొద్దుట భిస్సీలో తినిన జొన్నరొట్టెయు, కారమును. ఇప్పుడు మగ్గములపై ఉత్తరప్రదేశ్, బీహారు వారు హెచ్చుగా పనిచేయుచున్నారు. వారికై వేరు భిస్సీలు, వేరు వంటలు వచ్చినవి. తెలుగు భిస్సీ నడపిన ఇల్లాండ్రలో కొందరు ఇంకను మన మధ్య గలరు. రాబోవు సంచికకు వంటల వ్యాసము వ్రాయువారు మొదట వారి ఇంటికి పోవుదురు గాక. మనిషికి ఎన్ని రొట్టెల లెక్క, అప్పు ఎవరికి ఎన్నినెలలు ఆగిరి, మగ్గములు మూతపడిన వారములలో పొయ్యి వెలిగినదా, తెల్లవారుజామున ఎన్నిగంటలకు పిండి కలిపిరి, ఆ రొట్టె చేసినవారి పేరేమి అని అడిగి వ్రాసికొనవలెను.