వాటం చూసే కన్ను

మా పెరట్లో గచ్చు చేసిన తాపీ మేస్త్రీ ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతాడు. సిమెంటు పొయ్యబోయే ముందు గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, చెంప నేలకు ఆనుతుందా అన్నంత కిందకి వంగి చూసేవాడు. ‘‘వాటం చూడకపోతే నీళ్లు మన మాట వినవు బాబూ’’ అనేవాడు.

2021 ఆగస్టు 7, శనివారం. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్ చివరి రోజు. తెల్లారకముందే లేచి టీవీ ముందు కూర్చుంటే మన గోల్ఫర్ అదితి అశోక్ కనిపించింది. బంతి వెనక గొంతుక్కూర్చుని గడ్డి వాటం చూస్తోంది. కర్రల సంచి మోసే క్యాడీగా పక్కనున్నది వాళ్లమ్మ. నాకు మా మేస్త్రీ గుర్తొచ్చాడు.

అప్పటికి అదితి ప్రపంచ ర్యాంకు 200. ఆ వేసవిలోనే కోవిడ్ వచ్చి ఒంట్లో సత్తువ లాగేసింది. అసలే దూరం కొట్టే ఆట కాదు తనది. తనతో కలిసి ఆడుతున్న నెల్లీ కోర్డా బంతి ఎక్కడో ముందు ఆగితే, అదితి బంతి బాగా వెనక ఉండిపోయేది. ఆ లోటంతా గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద పుట్టర్‌తో పూడ్చుకుంది. గోల్ఫ్ లెక్కలో రెండున్నర వందల గజాలు ఎగిరే షాటూ ఒక స్ట్రోకే, రెండడుగులు దొర్లే పుట్టూ ఒక స్ట్రోకే. ఈ లెక్కంటే నాకు ఎంతో గౌరవం. చిన్న పనికి పెద్ద పనితో సమానంగా విలువ కట్టే ఆట ఇది.

అదే లెక్క కఠినమైనది కూడా. చివరి హోల్లో బర్డీ పుట్ కొద్దిలో తప్పింది. నాలుగు రోజుల్లో 269 స్ట్రోకులు. ఒక్క స్ట్రోకు తేడాతో పతకం చేజారి నాలుగో స్థానం దక్కింది.

అదితి అయిదేళ్ల వయసులో బెంగళూరులో గోల్ఫ్ మొదలుపెట్టింది. 2016లో ప్రొఫెషనల్ అయింది. 18 ఏళ్లకే రియో ఒలింపిక్స్ ఆడింది. అక్కడ నాన్న క్యాడీ. ఆ నవంబరులోనే ఇండియన్ ఓపెన్ గెలిచి, లేడీస్ యూరోపియన్ టూర్‌లో టైటిల్ కొట్టిన తొలి భారతీయురాలైంది. బయటికి ఇవే కనిపిస్తాయి. ప్రొఫెషనల్ బతుకులో మిగతాదంతా విమానాలు, హోటళ్లు, వారానికో కొత్త మైదానం. తొలి రెండు రోజులు ఆట కుదరక కట్ తప్పిందంటే ఆ వారం ప్రైజ్ మనీ సున్నా. ఖర్చులు మాత్రం తప్పవు.

2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి, 77 స్ట్రోకులు తీసుకుని, స్వర్ణం పోగొట్టుకుని రజతంతో తిరిగొచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే స్పెయిన్ ఓపెన్ గెలిచింది. ఆ మధ్య రోజుల్లో ఎన్ని వందల పుట్‌లు వేసి ఉంటుందో! సాధన అంటే నాకు ఆ రోజులే.

మా పెరట్లో వాన పడ్డప్పుడు నిలబడి చూస్తుంటాను. గచ్చు మీద ఒక్క చుక్క నిలవదు. అంతా తూము వైపే జారిపోతుంది.