పదిహేను వేలు, సరే

ఢిల్లీ బేర్ సరాయ్‌లో మా గది మేడ మీద. పడమటి గాలి వీచే రోజుల్లో పాలంలో దిగే విమానాలు మా నెత్తి మీదుగానే పోతాయి, చక్రాలు దించుకుని, వెయ్యి అడుగులు అటూ ఇటూ ఎత్తులో. "నీ మీద పడేట్టుందేంట్రా!" అంటుంది ఫోన్లో అమ్మ.

కింద జిరాక్సు కొట్టు కుర్రాడు ఏం చెప్పినా తిరిగి అప్పజెప్తాడు: "పైంతాలీస్ సే సాఠ్, దోనో తరఫ్." ఓసారి గదికొచ్చి చూస్తే యాభయ్యో పేజీ దాకానే ఉంది. నోరు అరవై అంది, చెయ్యి యాభై దగ్గర ఆగింది.

విమానాల్లో ఈ అప్పజెప్పడాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. కంట్రోలర్ చెప్పిన ఎత్తును పైలట్ తిరిగి చెప్పాలి. తప్పు చెప్తే అక్కడే దొరికిపోతాడు. ఒప్పు చెప్పి తప్పు చేస్తే?

1996 నవంబరు 12, సాయంత్రం. ఢిల్లీలో దిగడానికొస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్‌ను 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ జంబోను 14,000 దగ్గర. అప్పట్లో రాకకీ పోకకీ ఒకటే దారి, మధ్యలో వెయ్యి అడుగుల గాలే గోడ. కజక్ విమానం నుంచి 15,000 అని జవాబు సరిగ్గానే వచ్చింది. చెప్పింది రేడియో ఆపరేటర్. ఎత్తు చూపే మీటరు ఆయన ముందు లేదు, పైలట్ల భుజాల మీంచి తొంగి చూడాల్సిందే. విమానం మాత్రం దిగుతూనే పోయింది. హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ గుద్దుకున్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో గల్ఫ్‌కి పనికి పోతున్నవాళ్లు చాలామంది. ఆ ప్రయాణం ఎలాంటిదో కరీంనగర్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆనాటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది, ఎంత ఎత్తులో ఉందో కాదు. కంట్రోలర్‌కి ఆధారం చెవులే. విచారణ జరిపిన లాహోటీ కమిషన్ కజక్ సిబ్బందిదే తప్పంది. వాళ్లకి ఇంగ్లిషు రాక జరిగిందంటారు చాలామంది. నాకది సగమే నిజమనిపిస్తుంది. అంకె అప్పజెప్పడానికి ఆ ఇంగ్లిషు సరిపోయిందిగా!

ఇప్పుడు రాడార్ తెర మీద చుక్క పక్కనే ఎత్తూ కనిపిస్తుంది. ఎదురుగా విమానముంటే కాక్‌పిట్‌లో యంత్రమే అరుస్తుంది. నాకు నచ్చింది మాత్రం ఇంకోటి: ఒక పైలట్ ఎత్తు తిప్పి పెడితే, రెండోవాడు ఆ అంకెను వేలితో చూపించి పైకి చదువుతాడు.

నేనిప్పుడు కాగితాలు కొట్లోనే నిలబడి లెక్కపెడుతున్నాను. కుర్రాడికి ఒళ్లుమంట. మొన్న ఆరో కాగితం దగ్గర నెత్తి మీద విమానమొచ్చింది. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను.